25 వేలలో ర్యాప్ గది: సీతాఫల్‌మండి ప్రాజెక్టు డైరీ

మే చివరి వారం, రోహిణి కార్తె

సీతాఫల్‌మండిలో మేం అద్దెకుంటున్న పోర్షన్‌లో పది బై పదకొండు అడుగుల గది ఒకటి ఉంది. దాన్ని ర్యాప్ రికార్డు చేసుకునే గదిగా మార్చాలన్నది ప్రాజెక్టు. బీట్లు నేను చేస్తాను. రాసేదీ పాడేదీ తమ్ముడు. ఇద్దరం కలిసి దాచిన డబ్బు 25 వేలు. 8 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ ఒకటి ఉంది. ఇన్నాళ్లూ వాడు ఫోన్‌లో రికార్డు చేసి పంపితే నేను బీటు మీద కూర్చేదాన్ని.

ఆ ఫోన్ రికార్డింగులు ఎందుకు నిలబడవో ఇప్పుడు అర్థమైంది. గొంతు పెరిగినప్పుడు ఫోను తనంతట తానే లెవెల్ తగ్గిస్తుంది, ఆగినప్పుడు పెంచుతుంది. దాంతో వాడు ఊపిరి తీసుకునే ప్రతిచోటా ఫ్యాన్ చప్పుడు పైకి లేస్తుంది. ర్యాప్‌లో ఆ ఖాళీలే పాటకు ఊపునిస్తాయి. అక్కడ ఫ్యాన్ వినిపిస్తే లైను మొత్తం నీరుగారిపోతుంది.

కృష్ణానగర్, యూసుఫ్‌గూడ వైపు గంటల లెక్కన అద్దెకిచ్చే స్టూడియోలున్నాయి, మంచివే. కానీ గడియారం చూసుకుంటూ పాడితే వాడి గొంతు బిగుసుకుపోతుంది. ఒకే నాలుగు లైన్లను రకరకాలుగా చెప్పి చూసుకునే వీలుండాలి. అది సొంత చోటులోనే కుదురుతుంది. ర్యాప్‌కి పుట్టిల్లైన హిప్-హాప్ మొదలైందీ ఇలా ఇంటి దగ్గరే. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో, సెడ్‌విక్ అవెన్యూలోని ఒక అపార్ట్‌మెంట్ బిల్డింగులో డీజే కూల్ హెర్క్ తన చెల్లెలి పార్టీకి రికార్డులు తిప్పాడు. చేతికి అందిన సామానుతో, ఉన్న చోటనే మొదలైన కళ ఇది. మన గదుల్లోనూ కుదరాలి.

"అక్కా, ముందు మైకు కొందాం" అంటాడు తమ్ముడు. వీడియోలన్నీ మైకు గురించే చెబుతాయి కాబట్టి వాడికి అలా అనిపించడం సహజం. నేను మాత్రం ముందు గది సంగతి తేలాలన్నాను.

గది మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టి చూశాం. పైన శ్లాబు, కింద టైల్సు, నాలుగు వైపులా సున్నం గోడలు. చప్పట్ల వెనకే టర్ర్‌మని సన్నటి మోత ఒకటి. ఎదురెదురు గోడల మధ్య శబ్దం అటూ ఇటూ కొట్టుకోవడం వల్ల వచ్చే మోత అది. తెలుగులో ర్యాప్ చేసేవాళ్లు దీన్ని ప్రత్యేకంగా పట్టించుకోవాలని నా అభిప్రాయం. మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి. మాట చివరి ఆ, ఉ, ఇ గదిలో సాగి తర్వాతి మాట మొదటి అక్షరం మీద పడతాయి. 'పట్టు', 'గుద్దు', 'చప్పుడు' లాంటి మాటల్లో ఒత్తుకు ముందుండే ఆ చిన్న బిగింపు మోతలో మునిగిపోతుంది. ఆ బిగింపే లేకపోతే మన భాషలో ర్యాప్‌కి దెబ్బ ఎక్కడిది?

జూన్, మృగశిర తర్వాత

అమ్మమ్మ కుట్టిన బొంతలు మూడు అటక మీంచి దించాం. పాత నూలు చీరలు పొరలు పొరలుగా పెట్టి కుట్టినవి, బాగా బరువు. బట్టలారేసే తాడు గదికి అడ్డంగా కట్టి, వాటిని గోడకు జానెడు దూరంలో వేలాడదీశాం. గోడకు అంటించి కట్టిన దానికంటే మధ్యలో ఖాళీ వదిలితే ఇంకాస్త కింది స్వరాలను కూడా పీలుస్తాయి.

ఎక్కడ కట్టాలన్నది అందరూ తిరగేసి చెబుతున్నారు. మైకు వెనక నురుగు తెర పెట్టమని సలహా ఇస్తారు. చవక సెట్లలో ఎక్కువగా ఉండేది కార్డియాయిడ్ మైకే. అది ముందువైపు బాగా వింటుంది, వెనకవైపు చాలా తక్కువగా వింటుంది. అంటే పాడేవాడి వీపు వెనక ఉన్న గోడను అది నేరుగా చూస్తోంది. గొంతు గదంతా తిరిగి ఆ గోడకు తగిలి మైకులోకి వస్తుంది. కాబట్టి బొంత ఉండాల్సింది పాడేవాడి వెనక, రెండు పక్కలా. మైకు వెనక భాగాన్ని కిటికీ వైపు తిప్పాం. ఎంఎంటీఎస్ హారన్ వచ్చేది అటునుంచే.

దూది పరుపు ఒకటి నిలబెట్టి మూలకు ఆనించాం. స్టీలు బీరువాను మాత్రం హాల్లోకి జరపాల్సి వచ్చింది. బీటులో కింది నోటు వచ్చినప్పుడల్లా దాని తలుపు గుయ్‌మంటోంది.

కోడిగుడ్ల అట్టలు అంటించడం గురించి చాలామంది అడుగుతారు. దానివల్ల లాభం లేదు. ఆ అట్ట పలచన, ఆ గుంటలు చిన్నవి. పైస్వరాలను కొద్దిగా చెదరగొడతాయి, గొంతులోని బరువును ముట్టుకోలేవు. 100 హెర్ట్జ్ శబ్దం ఒక అల పొడవు దాదాపు మూడున్నర మీటర్లు. దాన్ని అట్ట ఏం ఆపుతుంది? ఒక అంగుళం నురుగు పలకల సంగతీ అంతే. పైపైన పీల్చి, మధ్యలో గుబగుబను వదిలేస్తాయి. గది చచ్చుగా ఉంటుంది గానీ శుభ్రంగా ఉండదు.

బొంతలు కట్టాక మళ్లీ చప్పట్లు కొట్టాం. టర్ర్ పోయింది.

జూన్, మూడో వారం

మైకుల పరీక్ష. ఇది పెట్టకుండా ఏదీ కొనకూడదని ముందే అనుకున్నాం. చర్చి కోయర్‌లో పాడే స్నేహితురాలు ష్యూర్ ఎస్ఎం58 ఇచ్చింది. పాడ్‌కాస్ట్ చేసే ఆఫీసు కొలీగ్ ఆడియో-టెక్నికా ఏటీ2020తో పాటు తన ఇంటర్‌ఫేస్ (మైకును ల్యాప్‌టాప్‌కి కలిపే పెట్టె) కూడా వారాంతానికి ఇచ్చాడు. మొదటిది డైనమిక్, రెండోది కండెన్సర్. కండెన్సర్‌కి ఇంటర్‌ఫేస్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు వైరు గుండానే వెళ్లే కరెంటు) కావాలి, డైనమిక్‌కి అక్కర్లేదు.

ఇంగ్లిష్ రివ్యూలు విని మన గొంతుకు మైకు ఎంచుకోవడం కష్టం. అందుకని మన అక్షరాలతోనే ఒక పరీక్ష లైను రాసుకున్నాం:

పాతబస్తీ బాటల్లో పొద్దుపొడుపు, సందు సందునా చాయ్ సెగ, బొగ్గు పొయ్యిలో భగ్గున మంట.

ప, బ, భ దగ్గర గాలి ఎంత కొడుతుందో, స, చ దగ్గర ఎంత గీరుకుంటుందో, 'బొగ్గు', 'భగ్గు'లో బిగింపు ఎంత నిలబడుతుందో ఈ ఒక్క లైనులో తెలిసిపోతుంది. దీన్నే మెల్లగా, వేగంగా, అరిచినట్టు, గుసగుసగా చెప్పించాను. బొంతలతో ఒకసారి, బొంతలు తీసేసి ఒకసారి. ఫైళ్లకు అ, ఆ, ఇ, ఈ అని పేర్లు పెట్టి, లెవెళ్లు సమానం చేసి, ఏది ఏ మైకో చెప్పకుండా వాడికి వినిపించాను.

బొంతలున్న ఎస్ఎం58ని వాడు మొదట పెట్టాడు, బొంతలున్న ఏటీ2020ని రెండో స్థానంలో. బొంతల్లేని రెండూ ఆఖర్న పడ్డాయి. ఖరీదు ఏదైనా సరే, వట్టి గోడల మధ్య తీసింది వట్టి గోడల మధ్య తీసినట్టే ఉంది. ఆ తర్వాత వాడు మైకు సంగతి అడగడం తగ్గించి, శబ్దాన్ని పీల్చే రాక్‌వూల్ (రాతి పీచు) పలకల గురించి చదవడం మొదలుపెట్టాడు.

ఏటీ2020లో పైస్వరాలు స్పష్టంగా ఉన్నాయి, మాట మెరుస్తుంది. తమ్ముడి 'స' అసలే పదును. ఆ మైకులో అది చెవిని గుచ్చుతోంది. మెత్తగా, గాలి కలిపి పాడే గొంతుకైతే నేను అదే కొనమంటాను.

డైనమిక్ మైకు బయటి చప్పుడు వినదనే మాట ఒకటి ప్రచారంలో ఉంది. పూర్తి నిజం కాదు. ఒకే శబ్దానికి ఏటీ2020 సుమారు 14 మిల్లీవోల్టులు ఇస్తే, ఎస్ఎం58 సుమారు 1.85 ఇస్తుంది. అంటే దాదాపు 17.5 డెసిబెల్స్ తేడా. గెయిన్ (మైకు సిగ్నల్‌ని పెద్దది చేసే నాబు) పెంచి రెండింటినీ సమానం చేస్తే వీధి చప్పుడు రెండింటిలోనూ వస్తుంది. తేడా ఎక్కువగా దూరంలో ఉంది. డైనమిక్‌కి బెత్తెడు దూరం దాకా వెళ్లి పాడతాం, కండెన్సర్‌కి జానెడు వెనక్కి ఉంటాం. గొంతుకు మైకుకు మధ్య దూరం సగం చేస్తే గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, ట్రైను హారన్ మాత్రం అక్కడే ఉంటుంది. ఏ మైకైనా ఇదే లెక్క. మరీ దగ్గరికి వెళ్తే గొంతులో కింది స్వరాల బరువు పెరుగుతుంది. దాన్ని తర్వాత తగ్గించుకోవచ్చు.

జూన్ చివర, కోఠి

గుజరాతీ గల్లీలో సగం రోజు తిరిగాం. స్టాండ్లు, వైర్లు, కనెక్టర్ల కోసం ఇక్కడికే రావాలి. చేత్తో పట్టుకుని చూసి కొనొచ్చు, బేరమాడొచ్చు. స్టాండు కొనేటప్పుడు బూమ్ (మైకును మోసే అడ్డ కడ్డీ) పూర్తిగా చాచి, చివర బరువు వేలాడదీసి, కొద్దిసేపు ఆగి చూడండి. మెల్లగా వాలిపోయేవి చాలా ఉన్నాయి. అడుగున ఇనుము ఉన్నది తీసుకున్నాం.

ఒక షాపులో చవక కండెన్సర్ సెట్టు చూపించి, "స్టూడియో సౌండ్ వస్తది మేడం, డైరెక్టుగా ల్యాప్‌టాప్‌కే పెట్టుకోండి" అన్నారు. మైకు, చిన్న కత్తెర స్టాండు, గుడ్డ ఫిల్టరు అన్నీ కలిపి ఒక డబ్బాలో వస్తాయి. చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆ సెట్టులో వైరు ఒకవైపు ఎక్స్ఎల్ఆర్ (మూడు పిన్నుల మైకు కనెక్టర్), మరోవైపు 3.5 ఎంఎం పిన్ను. ల్యాప్‌టాప్ జాక్ ఇచ్చేది రెండు మూడు వోల్టులు, సౌండ్ కార్డులోని చప్పుడంతా దానితో పాటే వస్తుంది. వద్దని నమస్కారం పెట్టి వచ్చేశాం.

ఎస్ఎం58ని సెకండ్ హ్యాండ్‌లో చూసేవాళ్లకు ఒక మాట. దీనికి నకిలీలు విపరీతం. అసలుది 298 గ్రాములు తూగుతుంది. కూరగాయలు తూచే డిజిటల్ త్రాసు మీద పెట్టి చూసినా మొదటి అనుమానం తీరుతుంది. బరువు సరిపోయినంత మాత్రాన అసలుదని కాదు, తేలిగ్గా ఉంటే మాత్రం ముట్టుకోవద్దు.

చివరికి మేం తీసుకున్నది బెహ్రింగర్ ఎక్స్ఎం8500. అదీ డైనమిక్, కార్డియాయిడ్. మాకు 2,200 పడింది. ఎస్ఎం58కి దీనికి ఉన్న తేడా మా పరీక్ష లైనులో వినబడింది, నిజమే. ఎస్ఎం58లో 'భగ్గు' ఇంకొంచెం నిండుగా ఉంది. అయితే ధరలో తేడా ఏడెనిమిది వేలు. ఆ డబ్బు గదికి, హెడ్‌ఫోన్లకు పోతే పాటలో ఎక్కువ కనిపిస్తుందని నా లెక్క. అందరి నోటా వినిపించే ష్యూర్ ఎస్ఎం7బీ మా మొత్తం బడ్జెట్‌ని మించిన మైకు. పైగా దానికి 60 డెసిబెల్స్ దాకా శుభ్రమైన గెయిన్ కావాలి. చవక ఇంటర్‌ఫేస్‌లు అక్కడిదాకా వెళ్లేసరికి సర్‌మని శబ్దం చేస్తాయి.

జూలై మొదట్లో

ఇంటర్‌ఫేస్‌గా బెహ్రింగర్ యూఎంసీ202హెచ్‌డీ, 8,500. దీనికంటే చవకవి ఉన్నాయి, వాటిలో కొన్ని 16 బిట్ దగ్గరే ఆగుతాయి (బిట్లు పెరిగేకొద్దీ మెల్లటి, గట్టి శబ్దాల మధ్య పట్టగల తేడా పెరుగుతుంది). నిజానికి 16 బిట్ అంటే 96 డెసిబెల్స్ పరిధి. మా గదిలో రాత్రి పదకొండు తర్వాత ఫోన్ యాప్ 40 దగ్గర చూపిస్తోంది. బెత్తెడు దూరంలో ర్యాప్ 100 దగ్గరికి వస్తుందనుకున్నా, మాకు దక్కేది 60. ఆ లెక్కన 16 చాలు. 24 బిట్ వల్ల దక్కే సుఖం వేరు: లెవెల్ తక్కువగా పెట్టుకుని నిశ్చింతగా పాడొచ్చు. వాడి గొంతు హఠాత్తుగా లేస్తుంది, అందుకే గట్టి చోట్ల కూడా మీటరులో మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఆగేలా గెయిన్ పెడుతున్నాం. దీన్నే కొనడానికి అసలు కారణం రెండు ఇన్‌పుట్లు. ఎందుకో కింద చెబుతాను.

దీనికి డైరెక్ట్ మానిటర్ బటన్ ఉంది. అది నొక్కితే వాడి గొంతు ల్యాప్‌టాప్‌లోకి వెళ్లి రాకుండా నేరుగా చెవికి వస్తుంది. బఫర్ (ల్యాప్‌టాప్ ఒక్కో విడతకు పోగేసుకునే శబ్దం ముక్క) 512 శాంపిల్స్ ఉంటే 44.1 కిలోహెర్ట్జ్‌లో ఒకవైపుకే దాదాపు 12 మిల్లీసెకన్లు. వెళ్లి వచ్చేసరికి రెట్టింపు. మామూలు పాటకు సర్దుకోవచ్చేమో, ర్యాప్‌లో మాత్రం నోరు బీటు నుంచి జారుతుంది. బ్లూటూత్ హెడ్‌ఫోన్లు వద్దనేది కూడా ఇందుకే, వాటి ఆలస్యం ఇంకా ఎన్నో రెట్లు.

హెడ్‌ఫోన్లు ఆడియో-టెక్నికా ఏటీహెచ్-ఎం20ఎక్స్, 5,000. క్లోజ్డ్ బ్యాక్ (వెనక మూసి ఉన్నవి) కావాలి, లేకపోతే క్లిక్కు (లయ చెప్పే టిక్ టిక్), బీటు మైకులోకి కారతాయి. వైరు మూడు మీటర్లు, ఊడిరాదు. తొక్కకుండా చూసుకోవాలి.

మొదటి రోజే రికార్డింగులో హమ్ (కరెంటు మోత) వచ్చింది. గుయ్‌మని కాదు, జిర్ర్‌మని. ల్యాప్‌టాప్ చార్జర్ తీసేస్తే పోయింది. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే ఆ గది ప్లగ్గులో ఎర్త్ వైరే లేదని తేల్చాడు. ఓనర్ ఆంటీతో మాట్లాడి వేయించాం. చార్జర్ పెట్టినా ఇప్పుడు చాలావరకు తగ్గింది, అయినా పాడేటప్పుడు బ్యాటరీ మీదే నడుపుతున్నాం. హమ్ పోతుందని ఎర్త్ పిన్ను విరిచేసే అలవాటు మన దగ్గర ఉంది. దయచేసి ఆ పని చేయొద్దు. చేతిలో ఉండేది లోహపు మైకు, పెదాలు దానికి తగులుతాయి.

అదే వారం రాణిగంజ్‌లో ఇన్సులేషన్ సామాను దొరికే చోట రాక్‌వూల్ పలకలు తెచ్చాం. రెండు అంగుళాల మందం, క్యూబిక్ మీటరుకు 48 కిలోల రకం. కట్టెల అడితిలో ముక్క చెక్కలు కొని, కార్పెంటర్‌తో ఫ్రేములు కొట్టించాం. మాస్కు, గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా లేకుండా వాటిని ముట్టుకోకూడదు, ఆ పీచు దురద. నూలు గుడ్డ బిగించి కుట్టేశాక ఇబ్బంది లేదు. అన్నీ కలిపి 4,000 అయింది. రెండు పలకలు పాడేవాడి వెనక మూలల్లో, ఒకటి తల పైన. బొంతలు పక్కల్లోనే ఉన్నాయి. తల పైన పలక పెట్టాకే శ్లాబు మోత పోయింది, మొత్తం సామానులో నాకు ఎక్కువ తృప్తినిచ్చింది ఇదే.

స్టాండు 1,300, వైరు 600, పాప్ ఫిల్టరు 400. మొత్తం 22,000.

ఆషాఢం, లష్కర్ బోనాల తర్వాత

బోనాల రోజుల్లో మా వైపు గొంతు రికార్డింగ్ పెట్టుకోవడం కుదరదు. నాకు అక్కర్లేదు కూడా. ఆ మోతే నాకు కావాలి. బీట్లలో అందరం వాడే కిక్, స్నేర్ శబ్దాలకు మూలం రోలాండ్ టీఆర్-808 లాంటి డ్రమ్ మెషీన్లు. 808 వచ్చింది 1980లో, మూడేళ్లకే తయారీ ఆపేశారు. ఆ శబ్దాలంటే నాకు ప్రాణం. వాటి పక్కన మన గల్లీ డప్పు కూడా ఉండాలని మొదటి నుంచీ పట్టుదల.

పండగయ్యాక, డప్పు కొట్టే పెద్దాయన ఒకరిని అడిగితే ఒప్పుకున్నారు. కాసేపు పనికి వెయ్యి రూపాయలు ఇచ్చాం. ఇంటి ముందు కాగితాలు మండించి డప్పు కాచారు. "తోలు కాగకపోతే మోత రాదు బిడ్డా" అంటూ వేలితో తట్టి చూసుకున్నారు. మేఘాలు పట్టిన రోజు కావడంతో మధ్యలో మళ్లీ కాచాల్సి వచ్చింది. రికార్డింగ్‌ని ఆ వేడి చుట్టూ సర్దుకున్నాం.

రెండు ఇన్‌పుట్లు ఇక్కడ పనికొచ్చాయి. మా మైకు డప్పు ముందువైపు రెండు జానల దూరంలో, స్నేహితురాలి ఎస్ఎం58 వెనకవైపు. వెనక మైకు ట్రాక్‌లో అలను తలకిందులు చేయాలి, ఎందుకంటే తోలు ముందుకు వెళ్లినప్పుడు వెనకవైపు గాలి వ్యతిరేక దిశలో కదులుతుంది. తలకిందులు చేసి కలిపాక మోత నిండుగా వచ్చింది. అంత గట్టి శబ్దానికీ డైనమిక్ మైకులు తొణకలేదు.

తీన్మార్ మొత్తంగా కొట్టించి దాన్ని బీటుగా పెట్టుకోవాలని తమ్ముడి ఆశ. కానీ తీన్మార్ నడక వేరు, వాడు రాసిన ర్యాప్ నాలుగు లెక్కల నడక. అందుకని విడి దెబ్బలు అడిగాను: సిర్రతో (లావు కర్ర) మధ్యలో, సిర్రతో అంచు మీద, సిటికెన పుల్లతో (సన్నటి పుల్ల) సన్నగా, రెండూ కలిపి. ఒక్కో దెబ్బ మెల్లగా, మధ్యగా, గట్టిగా. ఆయనకు మొదట వింతగా అనిపించింది. ముక్కలన్నీ శాంప్లర్‌లో (రికార్డు చేసిన శబ్దాలను వాయించే సాఫ్ట్‌వేర్) పెట్టి, నిమిషానికి 92 బీట్ల దగ్గర ఒక నడక వాయించి వినిపిస్తే, తల ఊపి "ఇంకో దెబ్బ ఉంది, అది కూడా తీస్కో" అని తనే మళ్లీ కూర్చున్నారు. సిటికెన పుల్ల శబ్దం హై-హ్యాట్ (డ్రమ్స్‌లో చిక్ చిక్‌మనే తాళాలు) పనంతా చేస్తోంది.

శ్రావణం మొదటి వారం

మొదటి పాట గొంతు మొత్తం తీశాం. రాత్రి పదకొండున్నర తర్వాత, ఫ్యాన్ ఆపి. రోహిణిలో అయితే కుదిరేది కాదు, వానలు పడ్డాక గది చల్లబడింది. మోటారు వేసే టైము కింది పోర్షన్ వాళ్లను ముందే కనుక్కున్నాం.

రికార్డు చేసి కలిపే సాఫ్ట్‌వేర్ రీపర్. 60 రోజులు అన్ని సౌకర్యాలతో ఉచితంగా వాడి చూడొచ్చు, తర్వాత మాలాంటి వాళ్లకు లైసెన్సు 60 డాలర్లు. మిగిలిన 2,000కి వచ్చే నెల జీతం కలిపి కొంటాను. ఎఫ్ఎల్ స్టూడియో కొనాలనుకునేవాళ్లు గమనించాల్సింది: అందులో ఎడిషన్లు చాలా ఉన్నాయి, తీసుకునే ఎడిషన్‌తో గొంతు రికార్డింగ్ జరుగుతుందో లేదో ముందే చూసుకోవాలి.

గొంతుకు చేసింది తక్కువే. 90 హెర్ట్జ్ కింద కోసేశాను. దగ్గరి మైకు వల్ల వచ్చిన బరువు 200 దగ్గర కొంచెం తగ్గించాను. నాలుగుకి ఒకటి కంప్రెషన్ (గట్టి చోట్లను అణిచి సమం చేయడం). 'స' కోసం 6 కిలోహెర్ట్జ్ చుట్టూ డీ-ఎస్సర్ ('స' పదును తగ్గించేది), అదీ చాలా తేలిగ్గా. లైను చివరి మాటలు మాత్రం వాడితో మళ్లీ చెప్పించి, కుడి ఎడమలకు సర్దాను. శుభ్రంగా వచ్చిన గొంతు మీద పెద్దగా పని ఉండదని అనేవాళ్లు, చేతికొచ్చాక తెలిసింది.

ఇప్పుడు తేలాల్సింది ఒక్కటే. హెడ్‌ఫోన్లలో నిండుగా ఉన్న 808 బేస్ ఫోన్ స్పీకర్లో అసలు లేదు. ఆ నోటు 50 హెర్ట్జ్ దగ్గర ఉంది, ఫోన్ స్పీకర్ అంత కిందికి దిగదు. శాచురేషన్ (శబ్దాన్ని కొద్దిగా వంకరపెట్టే ఎఫెక్టు) వేసి 100, 150, 200 దగ్గర దాని పై స్వరాలు పుట్టిస్తే చెవి ఆ నోటును పోల్చుకుంటుంది. ఆ స్వరాలు గొంతులోని బరువుతో, డప్పు మధ్య దెబ్బతో ఢీకొంటున్నాయి కాబట్టి ముగ్గురికీ చోటు పంచాలి. ఈ వారం పని అదే. రెండు మూడు ఫోన్లలో, ఒక ఆటో స్పీకర్లో విన్నాక పాట బయటికి వదులుతాం.